బిందెడు నీళ్లు

“ఈ మనిషితో శానా కష్టం. పొయ్యి పక్కన బిందెడు నీళ్లుండాల, వేలు ముంచి చూడాల, అప్పుడు గానీ అన్నం ముట్టరు.”

1955 వేసవిలో కర్నూలులో, మిల్లులకు అగ్ని బీమా ఇవ్వాలో వద్దో తేల్చే ఆఫీసరును భార్య ఆటపట్టిస్తోంది. ఆయన బీమా ఇచ్చిన పత్తిమిల్లు మొన్ననే కాలిపోయింది.

“ఊరికే ఉండు. మిల్లు షావుకారుకు పరిహారం రాకుండా రిపోర్టు రాస్తాండా.”

“ఏం చేసినాడు పాపం?”

“బీమా ఇచ్చేటప్పుడు, మంటలార్పను బావి నిండా నీళ్లుండాయని అబద్ధమాడినాడు. ఇప్పుడు చూస్తే ఎండిపోయుండాది.”

“ఆయప్ప నోటితోనే అన్యాడా?”

“...‘వచ్చి చూడండి సారూ’ అన్యాడు.”

“చూసినారా?”

“వాళ్ల వసారాలో అప్పుడే విస్తట్లో వేడి ఓళిగ వేసినారు. చల్లారిపోతాదని...”

“బావి యాడుండాది?”

“వసారాకు పది అడుగులు.”

ఆమె బిందెను ఆయన ముందుకు జరిపింది.

“ఈ కాగితం పొయ్యిలో వెయ్యి. చూడకుండానే నిండా ఉండాదని రాసింది నేను. తప్పు నాదే.”