వెలుతురు కోసం నిలబడ్డవాళ్ళు

కెనడాలోని శాస్కచెవాన్‌లో ఒక చిన్న ఊరు. రైలు రావడం మానేసిన పట్టాల పక్కన పాత ధాన్యం గోదాము. సెప్టెంబరు సాయంత్రం. ఫొటోలు తీసే డెల్లా, ఆమె పొరుగు రైతు ఆర్విడ్.

“ఇంకొంచెం ఇటు జరుగు ఆర్విడ్. గోడ నీడ నీ ముక్కు మీద పడుతోంది.”

“పడితే ఏం? ఫొటో నాది కాదుగా.”

“ట్రెవర్ కూడా నీ అంత పొడుగే. నీ ముక్కు మీద పడింది వాడి ముక్కు మీదా పడుతుంది. పెళ్ళి కుదిరిన కుర్రాడి మొహం సగం నల్లగా వస్తే ఆ జోలీన్ నన్ను బతకనిస్తుందా?”

“సరే, జరిగా. చాలా?”

“చాలు. ఇప్పుడు నేనొచ్చి పక్కన నిలబడతా. ఆ పిల్ల నా ఎత్తే. కెమెరా స్టాండు మీదుంది, దాని మీట నా గుప్పిట్లో ఉంది. నువ్వు కదలకుండా ఉంటే అదే పదివేలు.”

“ఎన్ని జంటలకి నిలబడ్డానో ఇలా. అందరికంటే ముందు నేనే పెళ్ళికొడుకుని.”

“పెళ్ళికొడుకువి కాదు, దిష్టిబొమ్మవి. పొలంలో ఉండాల్సినదాన్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టా.”

“పొలం కూడా ఇప్పుడు నాది కాదులే.”

“... తాళాలు ఇచ్చేశావా?”

“పొద్దున ఇచ్చేశా. కొన్నవాడు కొట్టం పడగొడతాడట.”

“కుక్క?”

“పక్క పొలం పిల్లలు తీసుకెళ్ళారు. వెనక్కి తిరిగి చూడలేదు, వెధవది.”

“నువ్వు చూశావా?”

“చెయ్యి ఎక్కడ పెట్టమన్నావు?”

“నా భుజం మీద. అలా కాదయ్యా, దూడని పట్టుకున్నట్టు! ఊరికే ఆనించు.”

“ఇలాగా?”

“ఆఁ. ఇలాగే.”

“నొక్కావా?”

“నొక్కా. ఇంకోటి.”

“రేపట్నుంచి ఎవర్ని నిలబెడతావు?”

“కొయ్యకి టోపీ తగిలిస్తా.”

“కొయ్యయితే కదలదు.”

“మాట్లాడదు కూడా.”

“అది మేలే కదా.”

“ఏం మేలు?”

“... మేనల్లుడు తెల్లారేసరికి కారేసుకుని వస్తాడు. మా అక్క ఇల్లు వినిపెగ్ నగరంలో, పెద్ద మేడలో ఎక్కడో పైన. కిటికీలోంచి ఏం కనిపిస్తుందే అంటే ఇంకో కిటికీ అంది.”

“వెళ్ళేముందు ఊరి హాలుకి రా. ఊళ్ళో అందరి బొమ్మా ఆ గోడ మీదుంది, నీది తప్ప. ఏటా ఊరందరికీ ఊరికే తీసి పెడుతున్నా, నువ్వొక్కడివే చిక్కవు.”

“ఏటా వస్తూనే ఉన్నాగా.”

“వస్తావు. కుర్చీలు మోస్తావు. ముసలమ్మల కోట్లు పట్టుకుంటావు. పసిపిల్లలు నవ్వాలని కోడిలా కూస్తావు. నీ వంతు వచ్చేసరికి ట్రక్కు లైట్లు ఆర్పలేదని బయటికి పోతావు.”

“ఓసారి నిజంగానే ఆర్పలేదు.”

“ఆర్విడ్.”

“నా మొహం ఎవరు చూడాలి, చెప్పు.”

“ఎవరో ఒకరు చూస్తారు. రేపు వెళ్ళిపోయేవాడివి, ఇంకా దాచుకుని ఏం చేస్తావు? ఎందుకు తప్పించుకుంటావో చెప్పు.”

“నువ్వు రెండు కుర్చీలు వేస్తావు.”

“ఏంటి?”

“హాల్లో. ఎవరొచ్చినా అక్కడ రెండు కుర్చీలు వేసి ఉంటాయి. జంటల్ని తీసి తీసి నీకు అలా అలవాటైపోయింది. ఒంటరిగా వచ్చినవాడు, ఒకటి తీసెయ్యి అని నోరు తెరిచి అడగాలి. భార్య పోయిన ఏడు హెన్రిక్ అడిగాడు. హాలంతా బూట్ల వంక చూసుకుంది. నేను అడగలేకపోయా.”

“... నాకెప్పుడూ తట్టలేదు.”

“ఎలా తడుతుంది? నువ్వు కెమెరా వెనకాల ఉంటావుగా.”

“ఒక్క మాట చెప్తే తీసేసేదాన్ని కదయ్యా!”

“ఆ ఒక్క మాటే కదా రానిది. అయినా గోడ మీద నీ బొమ్మ ఉందా?”

“నాదెవరు తీస్తారు?”

“అదీ నిజమే.”

“ఇటు చూడు. కెమెరా వైపు కాదు, నా వైపు.”

“ఎందుకు?”

“ట్రెవర్ ఆ పిల్ల వైపే చూస్తాడుగా. కళ్ళల్లో వెలుతురు పడుతుందో లేదో చూడాలి.”

“పడిందా?”

“పడింది. గడ్డం గీసుకున్నావే ఇవాళ.”

“ఊరు వదిలేవాడు మాసిపోయి వెళ్తే ఏం బాగుంటుంది?”

“ఇక్కడ తెగింది.”

“పాత బ్లేడు. ... వీటిని చెరిపేస్తావుగా? ఈ వెలుతురు చూసుకునే ఫొటోలు?”

“జంట రాగానే చెరిపేస్తా. ఎప్పుడూ అంతేగా.”

“అంతేలే. ఊరికే అడిగా.”

“చెయ్యి జారుతోంది. సరిగ్గా పెట్టు.”

“ఎండ గోదాము నెత్తికెక్కింది డెల్లా. కాసేపాగితే ఏమీ మిగలదు. ఏరీ ఆ పిల్లలిద్దరూ?”

“వస్తారులే.”

“ఇందాకా అదే అన్నావు. రోడ్డు మీద దుమ్ము కూడా లేవట్లేదు. ఫోన్ చెయ్యి.”

“ముందు నిలబడు.”

“నేను నిలబడి ఏం లాభం, నిలబడాల్సినవాళ్ళు రాకుండా? పెళ్ళి కుదిరినవాళ్ళు, ఇలాంటి వెలుతురు వాళ్ళకి మళ్ళీ దొరుకుతుందా? నంబరు చెప్పు, నేనే చేస్తా. ఆ కుర్రాడికి నాలుగు తగిలిస్తా.”

“వద్దు.”

“వద్దేంటి? చెయ్యి వదులు, జేబులోంచి ఫోను తియ్యనీ.”

“ట్రెవర్ వాళ్ళ ఫొటోలు పోయిన వారమే తీశా. ఇవాళ నేనెవర్నీ రమ్మనలేదు, ఆర్విడ్.”