కొండెక్కితే కరిచే చెప్పులు

సుంకులమ్మ అని ఒకామె, సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకోని కొండ దాటి సంతకి పోయేదంట. వారానికోసారి. ఇటుపక్క వీళ్ల ఊరు, అటుపక్క సంత, నడుమ కొండ అనుకో. ఆ సంతకి ఈమె అక్క కూడా వచ్చేది, అటుపక్క ఊరికి ఇచ్చినారులే ఆమెని. అక్కాచెల్లెళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకునేది ఆ సంతలోనే. పండక్కి పంపరు, పెళ్లికి పంపరు, పండ్లమ్మేదానికి మాత్రం పంపుతారు. ఏందే నవ్వుతావు, మీ ఇంట్లో పంపుతున్నారా? గింజలు ఒలు. సరే, ఈమెకి ఒక జత చెప్పులుండేవంట. పెళ్లికి ముందు పుట్టింట్లో కుట్టించుకున్నవి. కట్టెలమోపు నెత్తిన పెట్టుకోని అడివి నుంచి వస్తా వస్తా, దావలో చెప్పులు కుట్టే ముసలాయన ఇంటి ముందర నిలబడి, మోపు దించితే మళ్లీ ఎత్తేవాళ్లు ఉండరని దించకుండానే కొలతిచ్చిందంట. ఆ చెప్పులు ఎట్లాంటివంటే, కాలికి ఉన్నట్టే తెలిసేది కాదంట. రాయెక్కినా అంతే, ముల్లు తొక్కినా అంతే. తెగితే కుట్టించుకునేది, అరిగితే అడుగున అట్ట వేయించుకునేది. చివరికి ఏమైందంటే, ఒకనాడు కొండమీద ఉంగటం, అదే, బొటనవేలు దూర్చే తోలు ఉంగరం, పుటుక్కున తెగింది. చెప్పు చేతిలోకి తీసుకోని ఎత్తి చూస్తే అట్టలోంచి ఆకాశం కనపడతా ఉందంట. ఇంక కుట్టేదానికి తోలేదీ?

కొత్తవి కావాలని మొగుడితో చెప్పింది. మొగుడి పేరు మద్దిలేటి. చెడ్డోడేం కాదు. చెడ్డోడైతే ఈ కథ తొందరగా అయిపోయేది. ఆ ఊర్లో పద్ధతి ఏందంటే, ఆడవాళ్లు చెప్పులు కుట్టేవాళ్ల గేరికి, అదే, వాళ్ల వీధికి, పోకూడదు. చీపురుపుల్ల పోతుంది. అంటే మొగుడు, పెళ్లాం కాలికి పుల్ల ఆనించి, పొడుగుకొకటి వెడల్పుకొకటి తుంచుకోని పోయి కుట్టేవాని చేతిలో పెడతాడు. సుంకులమ్మ అరుగుమీద కూచోని జొన్నలు చెరగతా ఉంది. కాలు చాపమన్నాడు, చాపింది. తుంచినాడు, పోయినాడు. కుట్టే ఆయన సవారన్న, మంచి పనోడు, పుల్లకి సరిగ్గా కుట్టిచ్చినాడు. ఇంట్లో తొడిగి చూస్తే అచ్చు పోసినట్టు కూచున్నాయంట. అత్త తిక్కమ్మ కూడా వచ్చి చూసి, “ఊ, రాణిగారి కాళ్లు” అని ఎత్తిపొడిచి పోయిందంట. ఆ తిక్కమ్మ కాళ్లకి చెప్పులు ఊర్లో ఎవరూ చూడలేదులే. ఉత్తకాళ్లతోనే ఆ కొండ ఎక్కి దిగి ముసలిదయింది.

సంతనాడు గంపెత్తుకోని బయలుదేరింది. ఊరు దాటేసరికే ఎక్కడో నొక్కతా ఉందనిపించింది, కొత్తవి గదా అనుకునింది. ఎక్కుడు మొదలైందో లేదో, పట్టుకున్నాయి చూడు! పక్కన కరిచినాయి, పైన కరిచినాయి, కొండమీదికి పోయేసరికి చెప్పు వారు కింద కాలి తోలు ఊడి నెత్తురు. కుంటుకుంటా సంతకి పోయేసరికి పొద్దు వాలింది. అక్క చూసి చూసి అప్పుడే పోయిందని పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆమె చెప్పింది. ఇంటికొచ్చి, “నీ చెప్పులు నన్ను తినేసినాయయ్యా” అనింది మొగుడితో. తెల్లారినాక ఆయన తొడిగి చూపించమన్నాడు. తొడిగింది. ఏమైందంటే, సరిపోయినాయి! అచ్చు పోసినట్టు! “యాడ కరిచిందే? చూపించు!” అంటాడు ఆయన. ఈమె అటు నడిచింది, ఇటు నడిచింది. కరవలా. పుండు మాత్రం కాలిమీద ఉంది. “ఈ కాలు నీదేనా?” అన్నాడంట. ఆమెకే అనుమానమొచ్చి వంగి చూసుకునిందంట. నాదేనా అని.

మద్దిలేటి చెప్పులు పట్టుకోని సవారన్న దగ్గరికి పోయినాడు. సవారన్న పుల్లలు పెట్టి చూసినాడు, పొడుగు సరే, వెడల్పు సరే. “పుల్ల తప్పు చెప్పదు గదన్నా” అంటాడు. “ఆమె తప్పు చెప్పదు గదా” అనాలని ఈయనకీ తోచలా, ఆయనకీ తోచలా. తోచక, ఇంకో జత కొంచెం పొడుగు పెట్టి కుట్టినారు. అవి ఇంట్లోనే టపాటపా కొట్టుకునేవి. కొండమీద పక్కలు ఎప్పటిమాదిరే కరిచినాయి, దిగేటప్పుడు మడమ జారి గంపతో సహా కూలబడింది. పండ్లన్నీ దొర్లుకుంటా లోయలోకి పోయినాయి. ఆ వారం కూడా అక్క లేదు, సంతా లేదు.

ఇంక చూస్కో, ఊరంతా ఆమె కాలి మీదే. ఆముదంలో నానబెట్టమని ఒకరు. గుడ్డ చుట్టుకోమని ఒకరు. కొండమ్మ తల్లికి కొత్త తోలు గిట్టదు, పాతజత ముక్క కొండమీద పాతిపెట్టమని ఒకాయన. పాతిపెట్టింది కూడా పాపం, అవంటే ఎంత ఇష్టమో అంత ఏడ్చుకుంటా. ఇంటికాడ సరిపోతాయి, కొండమీద కరుస్తాయి. ఇంటికాడ సరిపోతాయి, కొండమీద కరుస్తాయి. మొగుడికి అర్థం కాలా, కుట్టినాయనకి అర్థం కాలా, నాకే ఈ కథ మా అవ్వ చెప్పేటప్పుడు అర్థం కాలా. తిక్కమ్మ మాత్రం ఒకటే మాట: “నడిచింది చాలు. వచ్చే వారం నుంచి పండ్లు ఇంటికొచ్చే మారుబేరగానికే అమ్మేద్దాం.” సుంకులమ్మకి గుండె జారిపోయింది. పండ్లు యాడ అమ్మితేనేం? అక్క ఇంటికి రాదు గదా.

“ఒక్క వారం” అనింది మొగుడితో. “ఈ ఒక్క వారం నువ్వు నాతో రా. కొండ యాడ కరుస్తాదో నీ కండ్లతో చూడు. నేను పుండుకాలితో మొయ్యలేను, గంప నువ్వెత్తుకో.” ఆయన సరే అన్నాడు. మొగోడు గంపెత్తుకోని పోతా ఉంటే జనాలు నవ్వినారంట, నవ్వనీలే. ఆయన చెప్పులు మంచివి, సవారన్నే కుట్టినాడు, ఏనాడూ కిక్కురుమనలా. కొండ సగం ఎక్కినాడో లేదో, “అబ్బా” అన్నాడు. ఇంకో నాలుగడుగులేసి, “అమ్మో” అన్నాడు. “సుంకూ, నన్ను కూడా పట్టుకునిందే కొండ!” అని గంప దింపించుకోని రాతిమీద కూలబడినాడు. కూచున్నాక చూస్తే, చెప్పులు బ్రహ్మాండంగా ఉన్నాయి. “పోయింది, వదిలేసింది” అంటాడు. లేపి నిలబెట్టి గంప నెత్తికెత్తింది. “పట్టుకునింది!” దించింది. “వదిలింది!” మళ్లీ ఎత్తింది. “పట్టుకునిందే, చంపుతావా!”

ఈసారి సుంకులమ్మ ఆయన మొగం చూడలా, కాళ్లు చూసింది. గంప నెత్తిన పడితే పాదం, మనం రొట్టె తట్టేటప్పుడు పిండిముద్ద అరచేతి కింద పరుచుకుంటుంది చూడు, అట్లా పరుచుకుంటా ఉందంట. దించితే ముడుచుకుంటా ఉందంట. ఆమెకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు. కట్టెలమోపు గుర్తొచ్చింది. దించితే ఎత్తేవాళ్లు లేరని దించకుండా నిలబడిన ఆ పొద్దు. “కొండా కాదు, తల్లీ కాదు” అనింది. “కూచున్న కాలికి కుట్టించి, మోసే కాలికి తొడిగినావయ్యా.”

వెనక్కి దిగినారు. గంప ఈమె తీసుకునింది, తీసుకోని మొగుడి వెనక కాదు, ముందర నడిచి నేరుగా చెప్పులు కుట్టే గేరికి పోయింది. ఆడమనిషి ఈడికొచ్చిందేందని సవారన్న బిత్తరపోయినాడు. “గంప దించమ్మా, కొలత తీస్తా” అన్నాడు. “దించను. దించితే నీ పుల్లే నిజమైతాది” అనింది. ఆయనకి ఏం అర్థం కాలా గానీ, ఆయన పెండ్లాం బాలమ్మ, రోజూ నీళ్లకుండలు మోసేది, తోలు పరిచి, “నిలబడమ్మా” అని బొగ్గుముక్కతో పాదం చుట్టూ గీత గీసింది. సవారన్న పాత పుల్ల ఆ గీతమీద పెట్టి, చాలని చోటు వేలితో కొలుచుకోని, కొత్త తోలు కొయ్యను కూచున్నాడంట.

ఆ జతతో వచ్చే సంతనాడే కొండ దాటింది. అక్క సంతలో చింతచెట్టు కింద కూచోని, “చచ్చిపోయినావనుకుంటి గదే!” అని తిట్టి తిట్టి, వాటేసుకోని ఏడ్చిందంట. సాయంత్రం ఇల్లు చేరేసరికి తిక్కమ్మ వాకిట్లో నిలబడి ఉంది. నెత్తిమీద గంప. అందులో రాగులో రాళ్లో, ఏదో బరువు పెట్టుకోని ఉంది. చేతిలో ఒక జత చెప్పులు, అటక మీదివి, ఎండి కట్టెలైపోయినాయి, అట్ట మాత్రం అరగలా. “నాకు పెండ్లైన కొత్తలో మీ మామ పుల్ల తీసుకపోయి కుట్టించినాడు” అనింది. “కరిచినాయి. నాదే దెయ్యపు కాలనుకోని దాచిపెడితి. ఆ బాలమ్మ ఇల్లు యాడ, చూపించు పా.” కోడలు కాలైనా కడుక్కోకుండా అట్లే వెనక్కి తిరిగి, గంప కింద చెయ్యేసి అత్తని తీసుకపోయింది.

అదమ్మా కథ. ఆ ముసలామె పాదాలు అప్పటికే పగిలి నేలలో కలిసిపోయే వయసు, చెప్పులు ఎన్నాళ్లు తొడిగిందో నేనడగలా. మద్దిలేటి సంగతా? ఆయన మళ్లీ కొలత ఇయ్యలా. ఆయన చెప్పులకేం, ఎప్పటిమాదిరే సరిపోయినాయి. గంప దించేసినాడు గదా.