మీ అంతే ఉంటుంది

సంతకం పెట్టమంటే పెట్టేస్తాను సార్, నాకేం చేతులు పడిపోలేదు. కానీ ఈ కాగితంలో ఏం రాశారో మీరొక్కసారి పైకి చదవండి. చదవలేరు కదా? "మీ షాపులో ఆడవాళ్ల బట్టలమ్మే ఆమెకీ మా ఆయనకీ ఏదో ఉంది." పదకొండేళ్లు ఒకే కౌంటర్లో నిలబడి కాళ్లు వాచిపోయాక నాకు దక్కిన పేరు ఇదీ.

ఒప్పుకుని సంతకం పెడితే ఉద్యోగం పోతుంది. పెట్టకపోతే విచారణంటారు. అంతేగా? అయితే వినండి మరి.

ఈ ఫిర్యాదు రాసినావిడ భర్త మూడుసార్లు వచ్చాడు, మూడు డ్రెస్సులు కొన్నాడు. మూడూ ఆవిడకి పట్టలేదు. నిన్న మూడోది చేత్తో పట్టుకుని వచ్చి, ఇది నువ్వు వేసుకుని బయటికి రా, చూస్తాను అని కూర్చుంది. గొడవెందుకు, వేసుకోమ్మా అన్నది మీరే. వేసుకున్నాను. కొలిచి కుట్టినట్టు సరిపోయింది నాకు. ఆవిడ దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

మీరు ఈ గదిలో కూర్చుంటారు, మీకు తెలీదు సార్. భార్యకి డ్రెస్సు కొనడానికి వచ్చిన మగవాణ్ణి మీరు చూడాలి. మీ ఆవిడ సైజెంతండీ అని అడుగుతానా, ముందు పైకప్పు వంక చూస్తాడు. తర్వాత రెండు చేతులూ గాల్లో చాపి, ఇంత అంటాడు, బీరువా కొలిచినట్టు. అప్పటికీ తేలకపోతే నన్ను ఎగాదిగా చూసి, "మీ అంతే ఉంటుంది" అంటాడు.

ప్రతి ఒక్కడిదీ ఇదే మాట. నేను సెలవు పెట్టిన రోజు నా బదులు ఎవరుంటారు? మన పొడుగావిడ. నాకంటే జానెడు ఎత్తు, నాలో సగం లావు. ఆమెతోనూ అదే, మీ అంతే ఉంటుందని. అంటే ఏమిటన్నమాట? ఊళ్లో భార్యలందరూ కౌంటర్లో ఎవరుంటే వాళ్ల సైజుకి మారిపోతుంటారు.

ఒకాయన ఇరవై ఆరేళ్ల కాపురం మాది అని గొప్పగా చెప్పాడు. ఆవిడ సైజు తెలీదు గానీ, కారు టైర్ల సైజు గడగడా అప్పజెప్పాడు. ఇంకొకాయన ఫోన్లో ఉన్న ఫొటో చూపించి, దీన్నిబట్టి చూసుకోండి అన్నాడు. పాతికమంది ఉన్నారందులో. ఆవిడ వెనక వరసలో, మెడ దాకా కనిపిస్తోంది. మరొకాయనైతే, పాపం మనుషుల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నాడేమో, బొమ్మని చూపించి అచ్చం ఇలాగే ఉంటుందన్నాడు. ఆ బొమ్మకి తల లేదు సార్.

నవ్వొస్తోందా? నవ్వండి. పోయిన నెల మేడమ్ గారి పుట్టినరోజని మీరూ వచ్చారు నా కౌంటర్‌కి. ఏమన్నారో నేను గుర్తు చెయ్యన్లెండి. నాలుగో రోజుకి మీరు కొన్న డ్రెస్సు వెనక్కొచ్చింది. కుట్టు ఊడిందని రాసి నేనే పక్కన పెట్టాను. కుట్టు బాగానే ఉంది.

కాబట్టి ఆయనా మీ అందరిలాంటివాడే, నేను ఏ పాపమూ ఎరగను అని తేలిపోయింది కదా. ఆగండాగండి, అప్పుడే చించకండి ఆ కాగితాన్ని. ఇంకో ముక్క మిగిలింది.

మొదటి రెండుసార్లూ ఆయన కూడా అదే మాటన్నాడు. మూడోసారి మాత్రం జేబులోంచి చీటీ తీశాడు. భార్య రాసిచ్చిన కొలతలు, ఛాతీ, నడుము, పొడవు, అన్నీ వరసగా. చీటీతో వచ్చిన మగవాణ్ణి పదకొండేళ్లలో అదే చూడ్డం. చదివాను. నాకంటే రెండు సైజులు పెద్ద.

అయినా నా సైజే తీశాను. పొరపాటున కాదు సార్.

ఎందుకంటే ఏం చెప్పను? ఏ రంగు బాగుంటుందండీ అని అడిగాడాయన. మెడ ఇలా ఉంటే బాగుంటుందా, కాస్త దించితే బాగుంటుందా అని అడిగాడు. నేను భుజాల మీద పెట్టుకుని అద్దం ముందు నిలబడితే, ఫోన్ జేబులో పెట్టేసి మరీ చూశాడు. నన్ను కాదు, డ్రెస్సునే. ఆ మాత్రం నాకు తెలీదా?

మా ఆయన నాకేం కొన్నాడో చెప్పనా? పెళ్లయిన కొత్తలో ఒక గొడుగు కొన్నాడు. గొడుగుకి కొలతలు అక్కర్లేదుగా.

ఆ పది నిమిషాలూ నాకోసమే ఎవరో కొంటున్నట్టుంది సార్. ఆ చీటీ మడిచి చెత్తబుట్టలో పడేశాను. నా సైజు మడతపెట్టి, కవర్లో పెట్టి, నవ్వుతూ ఇచ్చాను. ఇప్పుడాయన, చీటీ చూపించానే, ప్రమాణం చేసి చెబుతున్నానే అని మొత్తుకుంటున్నాడట. ఆవిడ నమ్మడం లేదట. ఎలా నమ్ముతుంది?

నిన్న ట్రయల్ రూమ్ తలుపు తీసేసరికి ఎదురుగా నిలబడి ఏడుస్తోంది. మీ ఆయన సరిగ్గానే అడిగాడమ్మా, తప్పు నాదే అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు.

ఆవిడ వెనకాల అద్దం ఉంది సార్. ఆవిడ ఏడుస్తున్నంతసేపూ నేను అందులో నన్ను చూసుకుంటూనే ఉన్నాను.