వెర్నా అత్త పొద

ఆ కుర్చీ కుంటిది, ఇటు కూర్చో డార్లీన్. ఏం అడిగావ్, మా మేనత్త వెర్నా పొద ఎక్కడనా? నీ కడుపులో బిడ్డకి ఊయలబుట్ట అల్లడానికి పుల్లలు కావాలి, అంతేగా. చెప్తా, ఆగు. అత్త కత్తి పట్టే ముందు కొండంతా తిరిగేది. ఎండ కాసే దక్షిణం వాలు వైపు తలైనా తిప్పేది కాదు. "అక్కడివన్నీ గిడసబారిన ముళ్ళపొదలురా, నీలాగే" అనేది నన్ను. ఉత్తరం వైపు, ఓక్ చెట్ల నీడ అంచున, రాళ్ళలోంచి చెమ్మ ఊరే చోట ఉండేది ఆవిడ ఎర్రబెరడు పొద. ఏటా చలికాలంలో పొదని మొదలుకంటా నరికేది. నరికితేనే పైయేడు పుల్లలు చువ్వల్లా లేస్తాయి. వదిలేశావా, అన్నీ గణుపులు, వంకర్లు, పురుగు. కాఫీ చల్లారిందా? పోనీలే, తాగు.

అత్త పోయింది. మనవాళ్ళలో రెండు పక్షాలేగా, తండ్రిది ఏదైతే పిల్లలదీ అదే. ఇంట్లో మనిషి పోతే ఆ మనిషి కోసుకున్న పొదని ఇంటివాళ్ళు ముట్టరు, అవతలి పక్షం వాళ్ళొచ్చి మా ముఖాలు కడిగి "ఇంక ఏడ్చింది చాలు" అనేదాకా. మాకు అవతలి పక్షం ఎవరు? మీ తాత ఆర్వల్. పూడ్చిన రోజే, మట్టి ఆరకముందే, ట్రక్కుకి ఆనుకుని ఏమన్నాడో తెలుసా? "పిసినారి ముసలిది, మంచి పుల్లలన్నీ దాచుకుంది, ఇప్పుడు కట్టుకుపోయిందా?" అన్నాడు. నా చెవులారా విన్నా. మొహం అలా పెట్టకు, నీకు తాతైతే నాకేంటి. పిలవకుండానే రావాలి వాళ్ళు, అదీ పద్ధతి. రాలేదు. దుకాణం దగ్గర ఎదురుపడితే ఆయన టోపీ సర్దుకునేవాడు, నేను నా బండి టైర్లు చూసుకునేవాణ్ణి. మా చెల్లి పోరు పెట్టేది, "అన్నయ్యా, పొద చచ్చిపోతోంది, పద నరుకుదాం" అని. ముఖం కడగకుండానా? కంఠంలో ప్రాణం ఉండగా కుదరదన్నా. ఇప్పుడూ అదే మాట. ఆర్వల్ కూడా పోయె, ఇంక కడగడానికి ఎవరు మిగిలారు? పొద సగం ఎండింది. మొదలు దగ్గర ఇంకా పచ్చి ఉంది, కంచె ఇవతల నిలబడి చూస్తుంటా. ఈ చలికాలం నరక్కపోతే అదీ పోతుంది. నువ్వు వేరేచోట వెతుక్కో తల్లీ.

ఏంటి, ఎక్కడికి లేచావ్? వంటింట్లో ఆ గిన్నె చప్పుడేంటి? నిన్నే... అవునులే. ఆర్వల్ కొడుకు కూతురివేగా నువ్వు.

చన్నీళ్ళేనా? ఉండు, కళ్ళజోడు తియ్యనీ.