అద్దాలక్క లెక్కలో నా నాలుగు నెలలు

పెద్దలకు, వీధివాళ్ళకు, అద్దాలక్క దగ్గర కళ్ళజోళ్ళు చేయించుకున్న అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక మెట్ల మీద నిలబడ్డవాళ్ళకు కూడా. ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. అనుకోవలసింది. ఈ హాల్లో ఉన్న కళ్ళజోళ్ళన్నీ తీసి బల్ల మీద పెడితే సగానికి పైగా ఆమె చేత్తో మరలు బిగించినవే ఉంటాయి.

నేను సభల్లో మాట్లాడేవాణ్ణి కాను. వీధి చివర కలప గోదాములో సరుకు లెక్క రాసేవాణ్ణి. ఎన్ని దుంగలు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని తడిశాయి. మాట్లాడటం కంటే రాయడమే నాకు తేలిక కాబట్టి కాగితం మీద రాసుకొచ్చాను. మధ్యలో ఆగిపోతే కాస్త ఓపిక పట్టండి.

అక్క పోయి తొమ్మిది రోజులైంది. తొమ్మిది రోజులుగా ఆమె దుకాణం తలుపు మూసే ఉంది. నేను మాత్రం అలవాటు కొద్దీ పొద్దున్న తొమ్మిదింటికి దాని ముందు నిలబడి, వెనక్కి వచ్చేస్తున్నాను.

కిటికీ దగ్గర బల్ల మీద ఉన్న ఇత్తడి గొట్టాన్ని చూడండి. అక్క టెలిస్కోపు అదే. వాళ్ళమ్మాయిని అడిగి పొద్దున్నే తెచ్చి పెట్టాను. దాని వెనక తెల్ల అట్ట, అట్ట మీద పెన్సిలుతో గీసిన గుండ్రటి గీత. ముప్ఫై ఒక్క ఏళ్ళు, రోజూ పొద్దున్న తొమ్మిదింటికి, దుకాణం తెరవకముందు, వెనక వసారాలో అక్క సూర్యుడి బింబాన్ని ఆ గీతలో పడేలా చేసి, సూర్యుడి మీది మచ్చలు లెక్కపెట్టింది. గుంపుకు పది, మచ్చకు ఒకటి. ఆ మొత్తం పుస్తకంలో రాసేది. మూడు నెలలకొకసారి ఆ లెక్కలు దూరాన ఒక పరిశోధనాలయానికి పంపేది. ఆమెలాంటి వాళ్ళు చాలా దేశాల నుంచి పంపుతారట. ఒక్కరికీ జీతం లేదు.

నేను మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్ళినప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. అంకెలు అలుక్కుపోతున్నాయని వెళ్ళాను. అద్దాలు మార్చి మార్చి చూసి, "కళ్ళకేం ఢోకా లేదు తమ్ముడూ, చిన్న అద్దం చాలు. పాపం, వాటికి అంకెలు తప్ప ఇంకేమీ చూపించట్లేదు నువ్వు" అని, వెనక వసారాలోకి తీసుకెళ్ళింది. గొట్టానికి కన్ను ఆనించబోయాను. చేతి మీద ఒక్కటేసింది. "అందులో కన్ను పెడితే కన్ను పోతుంది. నాకు గిరాకీ పెరుగుతుంది గానీ నీకు అద్దం కూడా పనికిరాదు" అంది. అప్పుడు చూశాను, అట్ట మీద పడ్డ సూర్యుణ్ణి. సాసరంత ఉన్నాడు. ఒంటి మీద ఆవగింజలు చల్లినట్టు మచ్చలు.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. సూర్యుడికి మచ్చలుంటాయని ఆ రోజే తెలిసింది. బూడిద పేరుకుందా అని అడిగాను. అక్క నవ్వలేదు. నన్ను వీధిలోకి తీసుకెళ్ళి, కమ్మరి కొలిమి ముందు నిలబెట్టింది. తెల్లగా కాలిన ఇనుము పక్కన ఎర్రగా కాలిన ఇనుము పెట్టించింది. ఎర్రది నల్లగా కనపడింది. "నల్లగా ఉంది కదా అని పట్టుకుంటావా?" అంది. ఆ మచ్చలూ అంతేనట. చుట్టూ ఉన్నదానికంటే కాస్త చల్లన. విడిగా తీసి ఆకాశంలో పెడితే చూడలేనంత వెలుగుతాయట. ఆవగింజలు అనుకున్నవాటిలో కొన్ని మన భూమి కంటే పెద్దవట.

ఎంతమందిని ఆ కొలిమి ముందు నిలబెట్టిందో. ఇక్కడ చేతులెత్తమంటే చాలా చేతులు లేస్తాయి. కమ్మరి పెద్దాయన పోయినప్పుడు అక్కే అంది, "పాపం, సూర్యుడి గురించి ఈయన చెప్పినంత పాఠం ఏ మాస్టారూ చెప్పలేదు" అని.

ఇంకో సంగతి కూడా ఆ గొట్టం దగ్గరే నేర్చుకున్నాను. బింబం గీతలో నిలబడదు. పక్కకు జారిపోతూ ఉంటుంది. రెండు నిమిషాల పైన కొన్ని క్షణాలు, అంతే, గీత దాటి పూర్తిగా బయటికి పోతుంది. అక్క కుడిచేత్తో రాస్తూ, ఎడమచేతి చిటికెన వేలితో గొట్టాన్ని జరుపుతూ ఉండేది. చూడకుండానే జరిపేది, ఉయ్యాల ఊపే తల్లిలాగ. "జారేది సూర్యుడు కాదు తమ్ముడూ, మనం. నీ కాళ్ళ కింద భూమి తిరగడం కళ్ళారా చూస్తున్నావు. టికెట్టు కూడా లేదు" అనేది.

మీరందరూ ఆమె మంచితనం గురించి చెప్పారు. నేను ఆమె లెక్క గురించి చెబుతాను. ఆమె మంచితనం అందులోనే ఉందని నా నమ్మకం.

ఆమెతో కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టిన మూడో ఏడాది, అక్క కాన్పుకు వెళ్ళింది. ఇదిగో, ముందు వరుసలో కూర్చున్న ఈ అమ్మాయే అప్పుడు పుట్టింది. మూడు వారాలు లెక్క నాకు అప్పగించింది. అందులో ఆరు రోజులు మబ్బు. సూర్యుడు కనపడలేదు. పుస్తకంలో ఆరు గళ్ళు ఖాళీ. గుమాస్తాకి ఖాళీ గడి అంటే పంట్లో ఇరుక్కున్న పీచు. ఉండబట్టలేక ఆరింటిలోనూ సున్నాలు చుట్టాను.

అక్క వచ్చి, చంకలో పసిపిల్లతోనే పుస్తకం తెరిచింది. చాలాసేపు చూసింది. "సున్నా అంటే చూశాను, లేవు అని. ఖాళీ అంటే చూడలేదు అని. నువ్వు చూశావా?" అంది. లేదన్నాను. మూడు నాలుగు వందల ఏళ్ళ నాటి లెక్కల్లో కూడా ఇలాంటి సున్నాలున్నాయట. చూసి రాసినవేవో, చూడక చుట్టినవేవో తేల్చలేక ఇప్పటికీ తలలు పట్టుకుంటున్నారట. "సూర్యుడి మచ్చలు పదకొండేళ్ళకొకసారి పెరిగి తగ్గుతాయి. ఒక మనిషి బతుకులో ఆరేడుసార్లు. ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఒకళ్ళు దించితే ఒకళ్ళు ఎత్తుకునే బరువు. మన తర్వాత ఎత్తుకునేవాడు మన మాట నమ్మాలి కదా" అంది. ఆరు సున్నాలూ నా చేతే కొట్టేయించింది. పుస్తకం అట్ట లోపల రెండు వాక్యాలు రాయించింది. "చూడనిది రాయకు. చూసింది దాచకు."

మొదటి మాట నేను ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు.

రెండోది తప్పాను. అది చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను.

అమ్మలూ, నేను చెప్పబోయేది నీకు తెలుసో లేదో నాకు తెలియదు. "అమ్మాయికి నేనే చెబుతాను" అంది మీ అమ్మ. చెప్పేలోపే మాట పడిపోయింది. మామయ్యా అని పిలిచే నీకు చాటుగా చెప్పి ఉండవలసింది. తొమ్మిది రోజులు మీ గుమ్మం దాకా వచ్చాను. తలుపు తట్టకుండా వెనక్కి వెళ్ళిపోయాను. లెక్క అందరిదీ అనేది మీ అమ్మ, కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను.

కిందటేడు పరిశోధనాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మీ లెక్క కొంతకాలంగా మిగతావాళ్ళ కంటే తగ్గుతోంది, ఒకసారి సరిచూసుకోండి అని. ఎందుకు తగ్గుతుంది? గాజు మసకబారి ఉండాలి. లేదా గాలిలో పొగ పెరిగి ఉండాలి. లేదా చూసేవాళ్ళ కన్ను తగ్గి ఉండాలి. వీధి మొత్తానికి కళ్ళు పరీక్ష చేసిన మనిషి, తన కళ్ళు తాను పరీక్షించుకోలేకపోయింది. అక్షరాల పట్టీ ఆమెకు కంఠతా వచ్చు. అక్క ఉపాయం ఆలోచించింది. "ఒకే గొట్టం, ఒకే పొద్దు. ముందు నేను లెక్కపెడతాను, తర్వాత నువ్వు. నా అంకె నువ్వు చూడకు. నీది కూడా తక్కువగా వస్తే తప్పు గాజుది. నీది ఎక్కువ వస్తే తప్పు నా కంటిది" అంది. ఇంతకంటే సూటి పరీక్ష ఉంటుందా?

మొదటి రోజు నాకు మొత్తం నలభై ఏడు వచ్చింది. ఆమె ముప్ఫై మూడు రాసింది.

ఆమె అంకె నాకెలా తెలుసు? బల్లకు అవతల కూర్చున్నవాళ్ళ రాత తలకిందులుగా చదవడం గుమాస్తాకి కూటివిద్య. చూడకూడదనుకున్నాను. చూశాను. మూడో గుంపు ఆమెకు అసలు కనపడనే లేదని అర్థమైంది. కళ్ళజోళ్ళు చేసే మనిషికి కళ్ళు పోతున్నాయని నేనెలా రాయను? నా చెయ్యి ముప్ఫై అయిదు రాసింది. ముప్ఫై మూడే రాస్తే అనుమానం వస్తుందని రెండు కలిపాను. అంత తెలివి ఉపయోగించాను.

నూట పన్నెండు రోజులు అలాగే రాశాను.

తప్పు గాజుదే అని అక్క నమ్మింది. గాజు విప్పి తుడిచింది. మళ్ళీ తుడిచింది. అట్ట మార్చింది. కొత్త బేకరీ పొగగొట్టాన్ని అనుమానించి, బేకరీ ఆయనతో పోట్లాడింది. ఆయన ఇక్కడే ఉన్నారు, క్షమించాలి. చివరికి టెలిస్కోపు వసారాలోంచి డాబా మీదికి మార్చుదామంది. బల్ల ఒక పక్క ఆమె, ఒక పక్క నేను పట్టుకుని మెట్లెక్కాం. మెట్టు మెట్టుకీ చెప్పేద్దామనుకున్నాను. డాబా వచ్చేసింది.

రోజూ గోదాముకు వెళ్ళాక, నా సొంత పుస్తకంలో అసలు అంకె రాసుకున్నాను. ఎందుకో అడక్కండి. ఎక్కడో ఒకచోట నిజం రాయకపోతే నాకు అన్నం సహించేది కాదు.

తర్వాతిది మీకు తెలుసు. తెరిచి ఉన్న బీరువా తలుపు పక్కనే ఉన్నా కనపడక, గుద్దుకుని పడింది. అమ్మాయి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కళ్ళ వెనక, మెదడు అడుగున గడ్డ. చూపు నరాలను నొక్కుతోందన్నారు. పక్క చూపు కొంచెం కొంచెంగా పోతే మనిషికి తెలియదట. ఆపరేషను చేశారు. ఆలస్యమైందన్నారు.

ఆపరేషనైన రెండో రోజు మంచం పక్కన కూర్చుని, నేను చేసింది చెప్పాను. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు నన్ను రానివ్వలేదు. మూడో రోజు కబురు పంపింది, "గుమాస్తాని రమ్మనండి, ఆ పుస్తకం తెమ్మనండి" అని. తమ్ముడూ అనలేదు.

నేను అసలు అంకెలు చదివాను. ఆమె లావు పెన్నుతో, కాగితం ముక్కుకు ఆనించుకుని, చుక్కలు పెట్టింది. పైన నా కన్ను, కింద తన కన్ను. నూట పన్నెండు రోజులు. ఆ రెండు గీతలూ ఎలా విడిపోతూ వచ్చాయో చూసి, "ఎంత చక్కగా వచ్చిందో చూడు" అంది. తన చూపు ఆరిపోవడాన్ని చూసి అన్న మాట అది. తర్వాత, "పాపం, ఆ గాజుని ఎన్ని తిట్లు తిట్టాను" అంది.

పరిశోధనాలయానికి సవరణ పంపమంది. అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. జాలి అని రాశాను. చదివించుకుని, కొట్టేయమంది. "జాలి పడితే నా చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేవాడివి. భయపడ్డావు. భయం అని రాయి, తమ్ముడూ" అంది.

తమ్ముడూ అంది. దాన్ని క్షమించినట్టుగా నేను లెక్కలో రాసుకోలేను. ఆమె అన్నది మాత్రం మీకు చెబుతున్నాను.

నాలుగు నెలల ముందే తెలిసి ఉంటే అక్క బతికేదా? డాక్టరు గారి కాళ్ళు పట్టుకున్నంత పని చేసి అడిగాను. "బతికేదని చెప్పలేను, బతికేది కాదనీ చెప్పలేను" అన్నారు. ఆ గడి ఖాళీ. అందులో సున్నా చుట్టి నిద్రపోదామని ఎన్నోసార్లు అనిపించింది. చుట్టను. దాన్ని ఖాళీగానే మోస్తాను.

అమ్మలూ, ఇవిగో ముప్ఫై ఒక్క ఏళ్ళ పుస్తకాలు. ఇది నా సొంత పుస్తకం. అన్నీ నీ ముందు పెడుతున్నాను. ఈ తొమ్మిది రోజులూ ఖాళీగా వదిలాను, నేను చూడలేదు కాబట్టి. ఇక ముందు ఈ లెక్క నేను రాయొచ్చో లేదో నువ్వు చెప్పు. ఇప్పుడే చెప్పనక్కర్లేదు. వద్దంటే గొట్టం తుడిచి నీకు అప్పగిస్తాను. రాయమంటే, పక్కన నువ్వు కూడా కూర్చుని వేరేగా లెక్కపెట్టాలని నా కోరిక. నా అంకె ఒక్కటే నమ్మకు.

ఇప్పుడు కిటికీ దగ్గరికి వెళ్ళి, బింబాన్ని ఒక్కసారి గీతలో కూర్చోబెడతాను. మౌనం పాటించడానికి ఈ రోజు గడియారం వద్దు. ముప్ఫై ఒక్క ఏళ్ళు దాన్ని జరుపుతూ వచ్చిన వేలు లేదు. ఈ ఒక్కసారికి ఎవరూ గొట్టాన్ని ముట్టుకోవద్దు. సూర్యుడు తనంతట తాను గీత దాటి వెళ్ళిపోయే దాకా మాట్లాడకుండా ఉందాం.

అందరూ లేచి నిలబడండి.