అడ్డం పెట్టిన మోపులు

వయోమింగ్‌లో గడ్డి కోసేసిన ఆ పొలానికి కంచె లేదు. మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని మలుపులు తిప్పి తెచ్చే పీపాల పందేనికి సాధన చేస్తున్న గుర్రం మూడో పీపా చుట్టి వచ్చాక ఆగకుండా రోడ్డు దాకా పోయింది. జీను దిగి దాన్ని నడిపించుకుంటూ వచ్చిన కూతురు తండ్రి ముందు నిలబడింది.

“ట్రక్కువాడు హారన్ కొట్టకపోతే ఇద్దరం పోయేవాళ్ళం నాన్నా. రెండు వారాలు నేను పట్నంలో ఉంటే దీన్ని ఏం చేశావు?”

“ఏం చేస్తాను? రోజూ కాస్త పరుగెత్తించాను.”

“అటు చివర గడ్డి మోపులు పేర్చావు కదూ? నేల మీద అచ్చులు కనబడుతూనే ఉన్నాయి.”

“అడ్డం ఉంటే ఆగుతుందని పెట్టాను. అలవాటయ్యాక తీసేశానుగా!”

“దానికి ఆగడం అలవాటు కాలేదు, మోపులు అలవాటయ్యాయి! నేను జీనులో వెనక్కి కూర్చుని ఊపిరి వదిలితే ఆగేలా రెండేళ్ళు నేర్పాను. ఇవాళ ఎంత వదిలినా వినలేదు. మోపులు వెతుక్కుంటూ పోయింది.”

“పోయినేడు ఇది పడేస్తే, భుజం విరిగిన నిన్ను ఎవరు ఎత్తుకొచ్చారే?”

“నువ్వే. అందుకని నా గుర్రాన్ని పాడుచేస్తావా?”

“శనివారం పందేనికి వెళ్ళకు తల్లీ.”

“వెళ్తాను. అక్కడా కంచె లేదు. అప్పటిదాకా నువ్వు దీన్ని ఎక్కావంటే ఊరుకోను.”

“నాకు భయమే. చూస్తూ ఊరికే నిలబడలేను.”

ఆమె కోపం తగ్గలేదు. కళ్ళెం సవరించుకుని మళ్ళీ జీనెక్కింది.

“అయితే ఇంట్లోకి పో. ఇక్కడే ఉంటానంటావా, చేతులు జేబుల్లో పెట్టుకో.”

ఆయన ఇంట్లోకి పోలేదు. కాసేపు గొణుక్కుని, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.