పాట రాని కుండ

వరంగల్, కొత్తవాడ. 1981, ఎండాకాలం మధ్యాహ్నం. ఇంటి వెనుక నాలుగు మెట్లు దిగితే మగ్గం గది. అక్కడ జంపఖానాలు నేసే నర్సింగం, అప్పుడే వచ్చిన రేడియో మెకానిక్ సారంగపాణి. గోడ మూలన మట్టికుండ, దాని మూతికి బిగించిన స్పీకరు. ఆ స్పీకరు వైరు పైన ఇంట్లో ఉన్న రేడియో దాకా పోతుంది. రేడియో దగ్గర నర్సింగం భార్య అనసూర్య.

"జర ఆగన్నా, వదినెతోని చిన్న పనుండె. చూస్కొని వస్త."

"ఆమెతోని నీకేం పని, సారంగం?"

"ఏం లేదు... రేడియో గుండీ వదులైందంట."

"నాతోని చెప్పలే మరి! సరె, కూసో. నేనే నీకు కబురు పెడుదామనుకున్న. ముందుగాల గీ కుండను చూడు."

"కుండకేమైంది? మంచిగనే ఉన్నది గదా."

"పాట వస్తలేదు."

"వైరు తెగిందేమో. మీదికి పోయి చూస్త."

"తెగలే. పొద్దున పాడింది. నీ పని మంచిగనే ఉన్నది తమ్మీ, తప్పు పడుతలేను. ఉత్త స్పీకరైతే కీసుమంటుండె. కుండకు పెట్టినంక గీ మగ్గం సప్పుడుల గూడ ఒక్కొక్క మాట చెవుల పడుతాంది."

"మరింకేంది?"

"పొద్దున పాడుతది, మాపటికి పాడుతది. పగటాల బంద్. దినాం గంతే. యాకమ్మ కండెలు సుట్టనీకి వచ్చి గక్కడ కూసుంటది గదా, కుండకు నోరు పడిపోతది."

"యాకమ్మ వస్తెనే బందైతదా?"

"యాకమ్మదేముంది? ఆ యాళ్లకే ఇంకొకడు వస్తడు. మీద పక్క అర్రల కిరాయికున్నడు చూడు, వెంకట్రాజం. మార్కెట్ల గుమాస్త. పగటాల బువ్వకు వస్తడు."

"అన్నా, నడువు, బయట చాయ తాగుదాం. ఆడ మాట్లాడుకుందాం."

"చాయ ఇప్పుడే తాగిన. మీ వదినె ఇచ్చింది. దినాం నాకు గిలాసల, వానికైతే కప్పుసాసర్ల ఇస్తది."

"కప్పుసాసరైతే ఏంది?"

"నాకెప్పుడన్న ఇచ్చిందా కప్పుసాసర్ల?"

"నువ్వు గుంతల కాళ్లు పెట్టి మగ్గం మీద కూసుంటివి. సాసరు యాడ పెట్టుకుంటవన్నా?"

"నవ్వకు. నా కడుపు మండుతాంది. చెప్పు, ఇంట్ల ఇద్దరుండి రేడియో బంద్ చేస్తే, దేనికి చేస్తరు?"

"కరెంటు పోయిందేమో..."

"ఉన్నది."

"రేడియో వేడైతదని..."

"మాట్లాడుకోనీకి చేస్తరు! పాట అడ్డమొస్తదని చేస్తరు."

"అన్నా, మెల్లగ!"

"మెల్లగెందుకు? బువ్వ తెమ్మని గొంతు చించుకున్నా మీదికి ఇనబడది."

"వదినె అసొంటి మనిషి కాదు. బంగారమసొంటి మనిషి. వదినె బంగారం అంటాన!"

"కుండ దిక్కు మొఖం పెట్టి ఒర్రుతవేంది?"

"ఊకనే..."

"బంగారమంట. గీ స్పీకరు పెట్టిచ్చింది ఎవరు? ఆమెనే. 'దినమంత కింద ఒక్కనివే ఉంటవ్, పాటలన్న ఇను' అన్నది. ఎంత మురిసిన నేను! నా పెండ్లాం నాకు పాట పంపుతాందని వాడకట్టంత చెప్పుకున్న. ఇప్పుడు సమజైతాంది. పాటల పడి నేను మీదికి రావొద్దని పెట్టిచ్చింది."

"గందుకు కాదన్నా."

"మరెందుకు? నీకేం తెల్సు?"

"నాకు... నాకేం తెల్సు? నేను వైరు గుంజెటోన్ని."

"అయితే ఇను, ఒక పని చెయ్యి. పాట మీదికెల్లి కిందికి వస్తాంది గదా. నాకు పాట వద్దు. వాళ్ల మాట రావాలె."

"మాటెట్ల వస్తదన్నా?"

"నాకు తెల్వదనుకుంటానవా? కల్లు కాడ నువ్వే చెప్పినవ్. ఒక స్విచ్చి పెడితే పలికే స్పీకరే మాట గూడ ఇంటదని. ఎవలో సేటు దుకాన్ల గట్లనే పెట్టిన అన్నవ్. ఆయన ఓ అర్రల కూసొని ఇంకో అర్రల ముచ్చట ఇంటడని, స్విచ్చి తిప్పితే ఆయన మాట గూడ ఆడికి పోతదని."

"అన్నా, పాటకైతే ఎంత దూరమన్న వైరు గుంజుత. ఇంట్ల మనిషి మాట దొంగతనంగ ఇంటమంటే నాతోని కాదు. ఒకసారి చేసి బుద్ధొచ్చింది."

"ఎవలింట్ల చేసినవ్?"

"ఎవలింట్లనో. వాళ్లే తప్పైంది, పీకెయ్యమన్నరు."

"నేను పీకమంటలేను, పెట్టుమంటాన. నా పెండ్లాం ఏం మాట్లాడుతాందో నాకు తెల్వొద్దా?"

"నువ్వు యాకమ్మతోని దినాం మాట్లాడుతలేవా? వదినె ఏమన్న అన్నదా?"

"యాకమ్మనా? పాపం, దాని బిడ్డకు జరమొచ్చి తగ్గుతలేదని ఏడుస్తాంది. దవాఖానకు తీస్కపో, ఫికర్ చెయ్యకు అన్న. అది నాకు చెల్లె లెక్క."

"వదినెకు గూడ వెంకట్రాజం తమ్ముని లెక్క."

"తమ్మునికైతే అంగీ ఇస్తిరి చేసిస్తదా? నా కండ్లతోని చూసిన. నా అంగీ మొన్న పండుగకు గూడ ముడతలు ముడతలే ఉండె. వాడు వచ్చినప్పటి సంది ఆమె నవ్వుడు వేరు, నడుసుడు వేరు. ఇన్నేండ్లు గుడ్డోని తీరుగ ఉన్న, సారంగం. ఆమెది మంచి నడత కాదు."

"అయ్యో! అనొద్దన్నా. నీ కాళ్లు మొక్కుత, ఆ మాట వాపస్ తీస్కో."

"ఎందుకు తీస్కుంట? మల్ల అంట. ఆమెది మంచి నడత కాదు! ఇప్పుడు గూడ వాడు మీదనే ఉంటడు. పాట బందే ఉన్నది, చూడు."

"వాడు లేడన్నా. ఊరికి పోయిండు, హసన్‌పర్తికి. వాని అర్రకు తాళం చూసే వచ్చిన."

"తాళమున్నదా?"

"ఉన్నది. వదినె ఒక్కతే ఉన్నది."

"ఒక్కతే ఉంటే పాటెందుకు బంద్ చేసింది?"

"జర మీదికి పోయొస్త, అన్నా."

"నిన్నే, సారంగం. ఒక్కతే ఉండి ఎవలతోని మాట్లాడుతది? తల దించుకున్నవేంది? ఆగాగు... కుండ గుర్రుమంటాంది. పాటొస్తాందా?"

"పాట కాదన్నా."

"సారంగపాణీ, నువ్వు మీదికి రా."

"గిది అనసూర్య గొంతు! కుండల... అనసూర్యా, నువ్వు... నువ్వు ఇంటానవా?"

"మీ అన్నకు చెప్పు, సారంగపాణీ. యాకమ్మతోని ఏం ముచ్చట పెడుతాండో అని కుళ్లుకొని గా వైరు నేనే గుంజిచ్చిన, ఇననీకి స్విచ్చి గూడ పెట్టిచ్చిన. దినాం పాట బంద్ చేసుకుంట ఇన్న, ఒక్క తప్పు మాట దొరకలే. నా మీద నాకే సిగ్గయి, ఇయ్యాల పీకెయ్యమని నిన్ను పిలిస్తి. ఇయ్యాల్నే అన్నడు తప్పు మాట. పరాయిదాన్ని కాదు, నన్ను."